చుక్క, నక్షత్రం కొట్టాను. సిస్టమ్ మొత్తానికి యజమానినయ్యాను, సుడో మాత్రం పోయింది

ముద్రాపకుడు (ప్రశ్న), సోమవారం ఉదయం 10.40

అందరికీ నమస్కారం. తెనాలిలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు వేస్తుంటాం. ఆరేళ్ల క్రితం పేజ్‌మేకర్ వదిలి స్క్రైబస్, ఇంక్‌స్కేప్‌లకు మారాను. మిషన్ మీద ఉబుంటు 22.04 (లైనక్స్‌లో ఒక రకం) ఉంది. నేను సిస్టమ్ అడ్మిన్‌ని కాను, అవసరం నేర్పినంత మటుకే తెలుసు. ఆ కొంచెం తెలియడమే కొంప ముంచింది.

జరిగింది చెబుతాను. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. అందులోని రెండో హార్డ్‌డిస్కు తీసి కొత్తదానికి తగిలించి, /పనులు అనే డైరెక్టరీ దగ్గర మౌంట్ చేశాను. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, సేవ్ మాత్రం కావడం లేదు. ఫైళ్ల వివరాలు చూపే ఎల్‌ఎస్ -ఎల్ కొట్టి చూస్తే నా ఫైళ్లన్నిటికీ యజమాని 'లెక్క' అని వస్తోంది. లెక్క అన్నది ఈ కొత్త మిషన్‌లో మా వదిన గారి ఖాతా. షాపు జమాఖర్చులు ఆవిడే రాస్తారు. ఆవిడ ఆ డిస్కును ముట్టుకున్నదే లేదు! అది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సరే, యజమానిని మార్చితే పోతుంది కదా అని /పనులు లోకి వెళ్లి ఇది కొట్టాను (నా ఖాతా పేరు ముద్ర. సుడో అంటే సర్వాధికారి అయిన 'రూట్' పేరుతో నడపమని, చోన్ అంటే ఫైలు యజమానిని మార్చమని, -ఆర్ అంటే లోపలున్న వాటన్నిటికీ అని):

సుడో చోన్ -ఆర్ ముద్ర *

బాగానే పనిచేసింది. సేవ్ అవుతోంది. కానీ పాత చెత్తబుట్ట, .ట్రాష్-1001 అనే దాగుడు ఫోల్డరు, అలాగే మిగిలిపోయింది. దానిలో నలభై జీబీకి పైగా ఉంది. నక్షత్రం గుర్తు దాగుడు ఫైళ్లను పట్టుకోదని తెలుసు కాబట్టి ముందు చుక్క పెట్టాను:

సుడో చోన్ -ఆర్ ముద్ర .*

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ../ప్రాక్ అంటూ మొదలై, అనుమతి లేదు, అనుమతి లేదు అని వరుసలు జలపాతంలా పడుతున్నాయి. కంట్రోల్-సీ కొట్టేసరికి పది పన్నెండు సెకన్లు గడిచాయి. ఇప్పుడు సుడో ఏం కొట్టినా ఒకటే జవాబు: /యూఎస్ఆర్/బిన్/సుడో యజమాని యూఐడీ 0 (ఖాతా అంకె సున్నా, అంటే రూట్) అయి ఉండాలి, సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడవమనే గుర్తు) ఉండాలి. పోనీ చోన్‌తో వెనక్కి మారుద్దామంటే దానికి సుడో కావాలి. సుడో బాగుపడాలంటే చోన్ కావాలి. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టుంది.

మిషన్ ఇంకా ఆపలేదు. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో అని భయం. బుధవారం ఉదయానికి మూడు వందల శుభలేఖలు ఇవ్వాలి. దారి చెప్పగలరు.


తలపాగా పెంగ్విన్, సోమవారం ఉదయం 10.58

నాకూ ఒకసారి అనుమతుల గొడవ వచ్చింది. రికవరీలోకి వెళ్లి, అనుమతులు మార్చే కమాండ్ చ్‌మాడ్ -ఆర్ 777 / కొట్టండి. అందరికీ అన్ని అనుమతులూ వచ్చేస్తాయి, యజమాని ఎవరైతే ఏమిటి?


రాత్రి డ్యూటీ, సోమవారం ఉదయం 11.15

ముద్రాపకుడు గారూ, పై సలహా పాటించకండి. పెంగ్విన్ గారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఇప్పుడు మీ మిషన్‌లో యజమానులు మాత్రమే తప్పు, అనుమతులు దాదాపుగా సరిగ్గా ఉన్నాయి. 777 కొడితే అవి కూడా పోతాయి. అప్పుడు సుడోకు ప్రాణం పోసినా, దాని నియమాల ఫైలును ఎవరైనా రాయగలిగేలా ఉందని అది నిరాకరిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు కూడా అంతే. ఒక రోగానికి రెండో రోగం మందు కాదు.

సాయంత్రం తీరిగ్గా రాస్తాను. అంతవరకు మూడు సంగతులు చెప్పండి. ఎక్కడైనా రూట్‌గా తెరిచి ఉన్న టెర్మినల్ ఉందా? మీరు కొట్టింది అక్షరాలా 'ముద్ర' అనేనా, లేక కోలన్ పెట్టి, తర్వాత గ్రూపు పేరుతో 'ముద్ర:ముద్ర' అనా? /హోమ్ అదే డిస్కు మీద ఉందా?


ముద్రాపకుడు, సోమవారం ఉదయం 11.31

రూట్ టెర్మినల్ లేదు. కొట్టింది 'ముద్ర' మాత్రమే, కోలన్ లేదు. పైకి బాణం నొక్కి చూసుకుని మరీ చెబుతున్నాను. /హోమ్ అదే డిస్కులో ఉంది, /పనులు ఒక్కటే వేరే డిస్కు.


రాత్రి డ్యూటీ, సోమవారం రాత్రి 9.20

మీరు కోలన్ పెట్టకపోవడం మీ అదృష్టం. ఎందుకో కిందికి వెళ్లాక తెలుస్తుంది.

ముందు మీ వదిన గారి మీద అనుమానం తీర్చాలి. డిస్కు మీద ఫైలు పక్కన ఎవరి పేరూ రాసి ఉండదు, ఒక అంకె ఉంటుంది, అంతే. అడంగల్‌లో సర్వే నంబరు లాంటిదనుకోండి. ఆ నంబరు ఎవరిదో /ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ అనే దస్త్రం చూసి ఎల్‌ఎస్ చెబుతుంది. పాత మిషన్‌లో మీ ఖాతా రెండోది అయి ఉంటుంది, కాబట్టి 1001. కొత్త మిషన్‌లో మీరు మొదట చేరారు, 1000 వచ్చింది. వదిన గారు తర్వాత చేరారు, 1001 వచ్చింది. డిస్కు ఊరు మారింది, ఊళ్లో రికార్డు వేరు. ఉబుంటు 1000 నుంచి లెక్క మొదలుపెడుతుంది. రెడ్ హ్యాట్ 6 వరకు 500 నుంచి ఉండేది, మ్యాక్‌లో 501 నుంచి. డిస్కులు మార్చుకునేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ తికమక తప్పదు.

ఇక చుక్క-నక్షత్రం. షెల్ (మీరు కొట్టే కమాండ్లు చదివే ప్రోగ్రాము) దాన్ని విప్పితే మొదట '.', తర్వాత '..', ఆ తర్వాతే మీ .ట్రాష్-1001. రెండు చుక్కలంటే పై డైరెక్టరీ. మీరున్నది /పనులు, దాని పైన ఉన్నది /. అంటే మీరు మొత్తం సిస్టమ్‌ను అప్పగించమని అడిగారు, చోన్ వినయంగా అప్పగించింది. ఫైళ్లు చెరిపే ఆర్‌ఎమ్‌కు ఇలాంటి చోట కొంత భయభక్తులున్నాయి, '.', '..' ఇస్తే ససేమిరా అంటుంది. చోన్ అనదు. 2022లో వచ్చిన బాష్ (మీరు వాడే షెల్) 5.2 నుంచి ఈ విప్పడంలో ఆ రెండూ రావు. మీ 22.04లో ఉన్నది 5.1. ఒక్క మెట్టు వెనక.

బూట్ గురించి భయపడకండి. లేస్తుంది. రూట్ ఎవరి ఫైలునైనా చదవగలడు కాబట్టి యజమాని ఎవరన్నది చాలా ప్రోగ్రాములకు పట్టదు. పట్టించుకునేవి కొన్ని ఉన్నాయి: సుడో, క్రాన్, ఎస్‌ఎస్‌హెచ్‌డీ, లాగ్‌రొటేట్. బూట్‌లో సేవలను లేపే సిస్టమ్‌డీ కూడా / యజమాని రూట్ కాదని చూసి 'ప్రమాదకరమైన దారి' అని లాగ్‌లో సణుగుతుంది. సణగనివ్వండి. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. ప్రస్తుతం మీ ఖాతా నుంచి నడిచే ఏ ప్రోగ్రాము అయినా /యూఎస్ఆర్‌లో ఏదైనా తిరగరాయగలదు. బాగయ్యే వరకు బ్రౌజర్ తెరవకండి.

మిషన్ రీస్టార్ట్ చేసి ఎస్కేప్ నొక్కండి (పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకోవాలి). గ్రబ్ అనే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో రికవరీ మోడ్, ఆ పట్టికలో 'రూట్'. పాస్‌వర్డ్ అడగకుండానే # గుర్తు వస్తుంది. డిస్కు చదవడానికి మాత్రమే తెరిచి ఉంటుంది, రాయడానికి ఇలా తెరవాలి. (నేను ఉచ్చారణ రాస్తున్నాను, మీరు ఎలాగూ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు.)

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /

ఇప్పుడు చేయి దురద పెడుతుంది, చోన్ కొట్టాలనిపిస్తుంది. ఆగండి. ముందు దెబ్బతిన్నవన్నీ జాబితా రాసుకోవాలి. ఒకసారి మార్చేశాక ఏవి తప్పో ఏవి ఒప్పో తెలియదు.

ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -యూజర్ ముద్ర -నాట్ -పాత్ '/హోమ్/*' -ప్రింట్ఎఫ్ '%జీ %పీ\ఎన్' > /రూట్/జాబితా

మీ ఇల్లు, మీ పనుల డిస్కు తప్ప, ముద్ర పేరు మీద ఉన్న ప్రతి ఫైలూ ఇందులోకి వస్తుంది. నిన్నటి వరకు అక్కడ మీ పేరుతో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, కాబట్టి జాబితా అంటే ప్రమాదపు జాబితాయే. ప్రతి వరుసలో ముందు గ్రూపు పేరు, తర్వాత దారి. గ్రూపు ఎందుకంటారా? మీరు కోలన్ పెట్టలేదు కదా. అంటే యజమాని మాత్రమే మారాడు, గ్రూపు చెక్కుచెదరలేదు. అసలు యజమాని ఎవరో చెప్పే సాక్షి అదొక్కటే మిగిలింది.

/యూఎస్ఆర్, /ఈటీసీ, /బూట్, /ఆప్ట్, /రూట్ సులువు. వీటిలో దాదాపు అన్నిటికీ యజమాని రూటే.

చోన్ రూట్ / /హోమ్ /వార్ /టీఎమ్‌పీ
ఫైండ్ /యూఎస్ఆర్ /ఈటీసీ /బూట్ /ఆప్ట్ /రూట్ -ఎక్స్‌డెవ్ -యూజర్ ముద్ర -ఎగ్జెక్ చోన్ -హెచ్ రూట్ {} +

ఇక్కడ కూడా కోలన్ వద్దు, గ్రూపును ముట్టుకోవద్దు. /యూఎస్ఆర్/బిన్/క్రాన్‌టాబ్ గ్రూపు క్రాన్‌టాబ్, /ఈటీసీ/షాడో గ్రూపు షాడో. 'రూట్:రూట్' అని కొడితే అవీ పోతాయి. ఇంటర్నెట్‌లో కనిపించే సగం సలహాలు ఇక్కడే తప్పుతాయి.

ఇప్పుడు సుడో. దాని యజమాని పై కమాండ్‌తో రూట్ అయిపోయాడు. కానీ బిట్ పోయింది. ఎందుకంటే నడిచే ఫైలుకు యజమాని మారితే లైనక్స్ దాని సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ బిట్లను చెరిపేస్తుంది. మార్చింది రూట్ అయినా సరే. అది లోపం కాదు, రక్షణ. నా ప్రోగ్రామును మీ పేరు మీదికి మార్చి, మీ అధికారంతో నడిపించుకోకూడదు కదా. (ఈ బిట్ డెనిస్ రిచీ ఆలోచన. బెల్ ల్యాబ్స్ దానికి పేటెంట్ కూడా తీసుకుంది, 1979లో మంజూరైంది. ఒక్క బిట్‌కు పేటెంట్!)

చ్‌మాడ్ 4755 /యూఎస్ఆర్/బిన్/సుడో

క్రమం గుర్తుంచుకోండి. చోన్ ముందు, చ్‌మాడ్ తర్వాత. తిరగేస్తే వేసిన బిట్‌ను మీ చోనే చెరిపేస్తుంది. నాకిది ఎలా తెలుసంటే, రెడ్ హ్యాట్ 5 రోజుల్లో హైదరాబాదులో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ చేసేవాడిని. తెల్లవారుజామున మూడున్నరకు, చోన్ -ఆర్ తర్వాత దారి రాస్తూ / కు, తర్వాతి పదానికి మధ్య ఒక స్పేస్ పడింది. అంతే, ఆ ఒక్క స్పేస్. టీ గ్లాసు పక్కన పెట్టి చూసేసరికి డేటాబేసు యూజరు సర్వరు మొత్తానికి మారాజై కూర్చున్నాడు. రెడ్ హ్యాట్ ప్యాకేజీల ప్రోగ్రాము ఆర్‌పీఎమ్‌లో ప్రతి ఫైలుకూ యజమాని, గ్రూపు, అనుమతులు రాసి ఉంటాయి కాబట్టి, ఆర్‌పీఎమ్ --సెట్‌యూజిడ్స్ -ఏ, ఆర్‌పీఎమ్ --సెట్‌పెర్మ్స్ -ఏ అని రెండు కమాండ్లతో (మొదటిది యజమాని, గ్రూపులకు, రెండోది అనుమతులకు) బయటపడవచ్చు. నేను కంగారులో రెండోది ముందు, మొదటిది తర్వాత నడిపాను. ఇరవై నిమిషాలు నడిచింది. అయ్యాక చూస్తే ఎస్‌యూ లేదు, సుడో లేదు, పాస్‌డబ్ల్యూడీ లేదు. మళ్లీ ఇరవై నిమిషాలు. పగటి డ్యూటీ వాళ్లు వచ్చేసరికి అంతా సర్దేశాను. ఆ సంగతి ఇన్నాళ్లకు ఇక్కడే చెబుతున్నాను.

డెబియన్, ఉబుంటుల్లో ఆ సౌకర్యం లేదు. అక్కడి ప్యాకేజీల ప్రోగ్రాము డీపీకేజీ తన పుస్తకంలో యజమానుల పేర్లు రాసుకోదు. డీపీకేజీ --వెరిఫై అన్నది ఫైలు లోపలి విషయం మారిందా అని మాత్రమే చూస్తుంది. యజమాని ఎవరన్నది .డెబ్ పొట్లంలో ఉంటుంది, పొట్లం మళ్లీ విప్పితేనే వస్తుంది. కాబట్టి సుడో పనిచేయగానే మామూలుగా బూట్ అయి, సెట్‌యూఐడీ ఫైళ్లున్న ప్యాకేజీలను మళ్లీ వేయండి:

సుడో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ సుడో పాస్‌డబ్ల్యూడీ లాగిన్ మౌంట్ యూటిల్-లైనక్స్ బీఎస్‌డీయూటిల్స్ పీకేఎగ్జెక్ పోల్‌కిట్‌డీ డీబస్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-క్లయింట్ క్రాన్ ఫ్యూజ్3 స్నాప్‌డీ లిబ్‌పామ్-మాడ్యూల్స్-బిన్

రీఇన్‌స్టాల్ ఫైళ్లను సరిచేస్తుంది కానీ, డైరెక్టరీ ముందే ఉంటే దాని యజమానిని డీపీకేజీ మార్చదు. /ఈటీసీలోని సెట్టింగుల ఫైళ్లదీ అదే కథ, పాత యజమానే కొనసాగుతాడు. అందుకే రీఇన్‌స్టాల్ ఒక్కటే చాలు అనుకోకూడదు, పైన చోన్ కొట్టించింది అందుకే.

మిగిలింది /వార్, సేవల డేటా, లాగ్‌లు ఉండే చోటు. అదే అసలు చిక్కు. అక్కడ ఒక్కో సేవకు ఒక్కో యజమాని ఉంటాడు, అన్నిటికీ రూట్ అని కొట్టకూడదు. రేపు జాబితాలో గ్రూపుల వారీగా ఏముందో చూసి చెప్పండి:

గ్రెప్ ' /వార్/' /రూట్/జాబితా | కట్ -డీ' ' -ఎఫ్1 | సార్ట్ | యూనిక్ -సీ


ముద్రాపకుడు, మంగళవారం మధ్యాహ్నం 1.05

లేచింది! ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. మీరు అంత గట్టిగా చెప్పినా, సుడో ఒక్కటి బతికితే చాలన్న ఆత్రంలో చ్‌మాడ్ 4755 ముందు కొట్టాను, ఆ తర్వాత పెద్ద ఫైండ్ నడిపాను. రీబూట్ చేస్తే సుడో మళ్లీ అదే పాట. అప్పుడు గుర్తొచ్చింది మీ తెల్లవారుజాము కథ. ఇంకోసారి రికవరీ, ఇంకోసారి చ్‌మాడ్. ఎల్‌ఎస్‌లో ఆర్‌డబ్ల్యూఎస్ అని 'ఎస్', ఎర్ర రంగు మీద సుడో పేరు కనిపించగానే మా కుర్రాడికి కూడా చూపించాను. వాడికి ఏమీ అర్థం కాలేదు.

రీఇన్‌స్టాల్ అయింది. ఆప్ట్ చివర్లో '_ఆప్ట్' అనే యూజరు ఫైలును అందుకోలేకపోయాడు, రూట్‌గానే దింపుకున్నాను అని హెచ్చరిక ఇచ్చింది.

/వార్ జాబితాలో గ్రూపులు: ఎక్కువ భాగం రూట్. తర్వాత మ్యాన్, ఏడీఎమ్, ఎల్‌పీ, కలర్‌డీ, జీడీఎమ్, సిస్‌లాగ్, మెయిల్, క్రాన్‌టాబ్, వూప్సీ. ఒక పదిహేను లెక్క పేరుతో కూడా ఉన్నాయి, అన్నీ వదిన గారి ప్రింట్ల తాత్కాలిక ఫైళ్లలా కనిపిస్తున్నాయి. వదిన గారు లాగిన్ అవుతుంటే పాస్‌వర్డ్ తీసుకుని, తెర నల్లబడి, మళ్లీ పాస్‌వర్డ్ దగ్గరికే వస్తోంది. నిన్నటి జమ రాయలేదని ఆవిడ నా వైపు చూస్తున్న చూపు వేరే విషయం.


రాత్రి డ్యూటీ, మంగళవారం మధ్యాహ్నం 1.40

వదిన గారి పని ముందు. ఆవిడ /హోమ్/లెక్క కూడా మీ పేరు మీదికి వచ్చింది, తన ఇంట్లో తనే రాయలేకపోతున్నారు.

సుడో చోన్ -ఆర్ లెక్క:లెక్క /హోమ్/లెక్క

ఇక్కడ కోలన్ పెట్టవచ్చు. పూర్తి దారి రాశాను చూడండి, చుక్కా లేదు నక్షత్రమూ లేదు.

/వార్‌లో గ్రూపు పేరుకు యజమాని పేరు కలిసే చోట్లు ఇవి: /వార్/క్యాష్/మ్యాన్ కు మ్యాన్, /వార్/లిబ్/కలర్‌డీకి కలర్‌డీ, /వార్/లిబ్/జీడీఎమ్3కి జీడీఎమ్, /వార్/లిబ్/వూప్సీకి వూప్సీ. ఈ నాలుగింటికీ ఆ పేర్లతోనే చోన్ -ఆర్ కొట్టండి. కానీ ఇది నియమం కాదు, ఆనవాలు మాత్రమే. ఎల్‌పీ, మెయిల్ అనే యూజర్లు ఉన్నా, /వార్/స్పూల్/కప్స్ (గ్రూపు ఎల్‌పీ), /వార్/మెయిల్ (గ్రూపు మెయిల్) రెండిటికీ యజమాని రూటే. క్రాన్‌టాబ్ గ్రూపు ఉన్న డైరెక్టరీకి కూడా రూట్. లోపల ఎవరి పేరుతో ఫైలు ఉంటే దానికి వాళ్లే.

/వార్/లాగ్‌లో జాగ్రత్త. డైరెక్టరీ యజమాని రూట్, గ్రూపు సిస్‌లాగ్. లోపల సిస్‌లాగ్, ఆథ్.లాగ్, కెర్న్.లాగ్ అనే ఫైళ్లకు యజమాని సిస్‌లాగ్, గ్రూపు ఏడీఎమ్. వీటిని రూట్‌కు ఇచ్చేస్తే లాగ్‌లు రాసే ఆర్‌సిస్‌లాగ్ రాయలేక మౌనంగా ఆగిపోతుంది. మీకు తెలియనైనా తెలియదు, ఏదో గొడవ వచ్చి లాగ్ చూద్దామన్న రోజున అందులో ఏమీ ఉండదు.

గ్రూపు సాక్ష్యం చెప్పని చోటు ఒకటుంది. _ఆప్ట్. /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్/పార్షియల్, /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్/పార్షియల్ రెండిటికీ యజమాని _ఆప్ట్, గ్రూపు రూట్. మీకు వచ్చిన హెచ్చరిక దానిదే.

ఇవన్నీ అయ్యాక మిగిలిన /వార్ అంతటికీ 'ఇంకా ముద్ర పేరుతో ఉంటే రూట్' అని పైన చెప్పిన ఫైండే నడపండి. ముందు ప్రత్యేకమైనవి, చివర రూట్. డేటాబేసు నడిపేవాళ్లయితే ఈ పని మొదలుపెట్టే ముందే దాన్ని ఆపాలి, మీకు ఆ బాధ లేదు.


లాబ్ టీచరమ్మ, మంగళవారం సాయంత్రం 6.10

వరంగల్‌లో ఒక కాలేజీ లాబ్ చూస్తాను. ముప్ఫై మిషన్లు, మూడు వందల మంది పిల్లలు. ఏ సెమిస్టరులోనైనా ఒక్కడికైనా ఇలాంటి బుద్ధి పుడుతుంది.

రాత్రి డ్యూటీ గారి పద్ధతి సరైనదే కానీ, పక్కన అదే ఉబుంటు ఉన్న మంచి మిషన్ ఉంటే అంత బుర్ర పెట్టనవసరం లేదు. మంచి మిషన్‌లో రూట్‌గా, యజమానులను, అనుమతులను రాసిపెట్టే గెట్‌ఫాకల్ కొట్టండి:

గెట్‌ఫాకల్ -ఆర్‌పీ /యూఎస్ఆర్ /ఈటీసీ /వార్ > హక్కులు

ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, పాడైన మిషన్‌లో / లో నిలబడి:

సెట్‌ఫాకల్ --రీస్టోర్=హక్కులు

రూట్‌గా నడిపితే ఇది అనుమతులతో పాటు యజమానిని, గ్రూపును, సెట్‌యూఐడీ బిట్లను కూడా వెనక్కి తెస్తుంది. అక్కడ ఉండి ఇక్కడ లేని ఫైళ్ల గురించి అరుస్తుంది, పట్టించుకోకండి. ఇక్కడ ఉండి అక్కడ లేనివి మాత్రం మీరే చూసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. గెట్‌ఫాకల్‌కు -ఎన్ ఇవ్వకండి. అది పేర్ల బదులు అంకెలు రాస్తుంది. 100 నుంచి 999 వరకు ఉన్న సిస్టమ్ యూజర్ల అంకెలు ఏ ప్యాకేజీ ముందు పడితే దానికి ముందు వస్తాయి, రెండు మిషన్లలో ఒకటిగా ఉంటాయన్న నమ్మకం లేదు. సిస్‌లాగ్ ఫైళ్లు కలర్‌డీ చేతికి పోయిన మిషన్ మా లాబ్‌లో ఒకటుండేది. అది నా చేతి చలవే.

మా మిషన్లలో నెలకోసారి ఈ 'హక్కులు' ఫైలు తీసి పెడుతున్నాను. కుదిస్తే కొన్ని ఎంబీలే. గ్రూపులు కూడా పాడైనప్పుడు, అంటే ఎవరైనా కోలన్ పెట్టినప్పుడు, దీన్ని మించింది లేదు.


తలపాగా పెంగ్విన్, మంగళవారం సాయంత్రం 6.32

777 మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి అడుగుతాను, ఇంత శ్రమ ఎందుకు? /హోమ్ కాపీ తీసుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే గంటలో అయిపోతుంది కదా.


రాత్రి డ్యూటీ, మంగళవారం రాత్రి 8.05

న్యాయమైన ప్రశ్న. బయటి జనం వాడే సర్వరు అయితే నేనూ అదే చెబుతాను. ఏదో ఒక మూల తప్పు యజమాని మిగిలిపోయిందేమో అన్న అనుమానంతో సర్వరు నడపలేం. షాపు మిషన్‌లో లెక్క వేరు. ప్రింటరు రంగుల ప్రొఫైళ్లు, తెలుగు ఫాంట్లు, ఏళ్ల తరబడి సర్దుకున్న చిల్లర సెట్టింగులు గంటలో రావు. బుధవారం శుభలేఖలు ఇవ్వాల్సిన మనిషికి అసలు రావు. నా మటుకు నేను ఒక పూట కష్టపడి చూస్తాను, రెండో పూటకు కూడా తేలకపోతే పెన్‌డ్రైవ్ తీస్తాను.

టీచరమ్మ గారూ, గెట్‌ఫాకల్ సంగతి నేను రాయాల్సింది, మరిచిపోయాను. తెనాలిలో ఆయన పక్క షాపులో ఉబుంటు ఉంటుందన్న నమ్మకం లేక కూడా కావచ్చు.

ముద్రాపకుడు గారూ, మళ్లీ ఇలాంటి అవసరం పడితే డైరెక్టరీలోకి వెళ్లి గుర్తులు పెట్టడం మానేసి, బయట నుంచి పూర్తి దారి ఇవ్వండి: సుడో చోన్ -ఆర్ ముద్ర /పనులు. దాగుడు ఫైళ్లు కూడా అందులోనే వస్తాయి, చుక్క అవసరమే లేదు. గుర్తు పెట్టక తప్పదంటే, ముందు చోన్ స్థానంలో ఎకో పెట్టి ఏం విప్పుతుందో చూడండి. ఎకో .* కొట్టి ఉంటే ఆ రెండు చుక్కలు మీ కళ్లబడేవి. --ప్రిజర్వ్-రూట్ అన్న ఆప్షన్ ఇచ్చినా ఆగేది, '..' అన్న పేరుతో వచ్చినా అది / అని గుర్తుపడుతుంది. ఆర్‌ఎమ్‌లో అది అడగకుండానే ఉంటుంది, చోన్‌లో అడిగితేనే.


ముద్రాపకుడు, బుధవారం రాత్రి 9.50

శుభలేఖలు ఇచ్చేశాను. వధువు తండ్రి ఇంటిపేరులో ఒక ఒత్తు తప్పు పోయిందన్నారు కానీ, అది చోన్ తప్పు కాదు, నాది.

ఫైండ్ నడిపితే ముద్ర పేరుతో /వార్‌లో ఇప్పుడు ఏమీ లేదు. సిస్‌లాగ్‌లో కొత్త వరుసలు పడుతున్నాయి. _ఆప్ట్ హెచ్చరిక పోయింది. వదిన గారు మూడు రోజుల జమ ఒకేసారి రాశారు. టీచరమ్మ గారు చెప్పిన 'హక్కులు' ఫైలు కూడా తీసి పెన్‌డ్రైవ్‌లో దాచాను.

ఒకే ఒక సందేహం మిగిలింది. అసలు ఎందుకోసం ఇదంతా మొదలుపెట్టానో అది, /పనులు లోని .ట్రాష్-1001, ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు యజమాని నేనే. కానీ నా డెస్క్‌టాప్ మీద చెత్తబుట్ట తెరిస్తే ఖాళీ అంటోంది. నేను చోన్ కొట్టక ముందు వదిన గారి డెస్క్‌టాప్‌లో మాత్రం నా పాత శుభలేఖలన్నీ ఆవిడ చెత్తబుట్టలో కనిపించాయట!


రాత్రి డ్యూటీ, బుధవారం రాత్రి 10.15

ఆ పేరు చివరి 1001 ఊరికే ఉన్నది కాదు, యూఐడీ. డెస్క్‌టాప్ ఒక్కొక్కరికీ వాళ్ల అంకె ఉన్న బుట్టనే చూపిస్తుంది. మీరు 1000, కాబట్టి మీకు .ట్రాష్-1000 కావాలి. 1001 ఇప్పుడు వదిన గారు. ఆ బుట్టకు యజమానిని మార్చాల్సిన పని మొదటి నుంచీ లేదు. లోపల మీకు కావాల్సింది ఏమీ లేకపోతే, సుడో లేకుండా, పూర్తి దారితో:

ఆర్‌ఎమ్ -ఆర్ /పనులు/.ట్రాష్-1001


ముద్రాపకుడు, బుధవారం రాత్రి 10.22

ఎల్‌ఎస్ కొట్టి, దారి రెండుసార్లు చదివి, మా కుర్రాడితో పైకి చదివించి, అప్పుడు ఎంటర్ నొక్కాను. నలభై మూడు జీబీ ఖాళీ అయింది.